ఎండాకాలంలో క్యాష్మీర్ బట్టలు: మా షాపులో తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో పట్టుచీరలకు రోలింగ్, డార్నింగ్ చేసే చిన్న షాపు మాది. ఒకప్పుడు ఏడాది మొత్తమ్మీద నాలుగైదు ఊలు బట్టలు వస్తే గొప్ప. ఇప్పుడు అమెరికాలోనో లండన్‌లోనో ఉన్న పిల్లలు అమ్మానాన్నలకు క్యాష్మీర్ స్వెట్టర్లు, స్టోల్స్, శాలువాలు పంపుతున్నారు. ఉగాది దాటి ఎండలు ముదిరాక అవి ఒక్కొక్కటిగా మా కౌంటర్ మీదికి వస్తాయి. కర్నూలు, కడప నుంచి ఫోన్లు చేసేవాళ్లూ ఉన్నారు. అడిగేవి మాత్రం అవే సందేహాలు. అందుకే వాళ్లు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు రాసి, ఒక్కోదాని కింద నాకు తెలిసింది చెప్పాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## కొనే ముందు, చేతికి వచ్చినప్పుడు

క్యాష్మీర్, పష్మీనా, కాశ్మీరీ ఊలు మూడూ ఒకటేనా అక్కా?

క్యాష్మీర్ అంటే కొన్ని జాతుల మేకలకు చలికాలంలో పై బొచ్చు కింద పెరిగే మెత్తటి లోబొచ్చు. కాశ్మీర్ పేరే ఇంగ్లీషువాళ్ల నోట అలా మారింది. ఇప్పుడు ఈ ఊలు ఎక్కువగా వచ్చేది చైనా, మంగోలియాల నుంచి. పష్మీనా కూడా మేక ఊలే. లదాఖ్‌లోని చాంగ్‌తాంగ్ పీఠభూమి మీద చాంగ్‌పా కాపర్లు పెంచే మేకల నుంచి తీసి, శ్రీనగర్ చుట్టుపక్కల చేత్తో వడికి నేసిన బట్టకు ఆ పేరు. ఆ పోగు 12 నుంచి 15 మైక్రాన్ల మందం ఉంటుంది. మన తల వెంట్రుక దాదాపు 70 మైక్రాన్లు. ఇక "కాశ్మీరీ ఊలు" అని లేబుల్ ఉంటే అది గొర్రె ఊలు కావచ్చు, అక్రిలిక్ కూడా కావచ్చు. ఆ మాటకు డబ్బు పెట్టకండి.

దీనికోసం మేకను చంపుతారా? మా ఇంట్లో అట్లాంటివి వాడం.

చంపరు. చలి తగ్గే రోజుల్లో ఆ లోబొచ్చు దానంతట అదే ఊడిపోతుంది. అప్పుడు దువ్వెనతో దువ్వి తీస్తారు. ఒక మేక నుంచి ఏడాదికి వచ్చేది సుమారు 100 నుంచి 200 గ్రాములు, శుభ్రం చేశాక ఇంకా తగ్గుతుంది. ఒక స్వెట్టర్‌కు కనీసం రెండు మూడు మేకల ఏడాది పంట పోతుంది. ధర ఎందుకంత ఉంటుందో ఈ లెక్కే చెబుతుంది.

పాతకాలం షాతూష్ శాలువా ఒకటి అమ్ముతామంటున్నారు. తీసుకోవచ్చా?

వద్దు. షాతూష్ కోసం చిరు అనే టిబెట్ జింకను చంపుతారు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద దాని అమ్మకం, కొనుగోలు నేరం.

అసలుదో నకిలీదో ఇంట్లోనే తెలుసుకోవడం ఎట్ల?

అమ్మేవాళ్లు శాలువాను ఉంగరంలోంచి లాగి చూపిస్తారు. పలచటి సిల్కు, విస్కోస్ కూడా అలాగే దూరిపోతాయి, దాంతో ఏమీ తేలదు. అంచు నుంచి ఒక పోగు తీసి కాల్చితే కొంత తెలుస్తుంది. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడి అయితే అది జంతువు ఊలో పట్టో. కాగితం కాలిన వాసన వస్తే విస్కోస్. కరిగి గట్టి ఉండ కడితే అక్రిలిక్, పాలియెస్టర్. అయితే గొర్రె ఊలూ మేక ఊలూ ఒకే వాసన వస్తాయి, వాటిని విడదీయాలంటే మైక్రోస్కోప్ కింద పెట్టాల్సిందే. చలికాలంలో వీధుల్లో, ఫుట్‌పాత్‌ల మీద నాలుగైదు వందలకు "ప్యూర్ పష్మీనా" అని అమ్మేది ఏదైనా కావచ్చు, పష్మీనా మాత్రం కాదు. కాశ్మీర్ పష్మీనాకు 2008లో జీఐ, అంటే ఆ ప్రాంతానికే చెందిన సరుకు అన్న గుర్తింపు వచ్చింది. శ్రీనగర్‌లో పరీక్ష చేసి ఆ లేబుల్ అతికిస్తారు. ఎక్కువ డబ్బు పెట్టేటప్పుడు దాన్ని అడగండి.

నాన్నగారికి సన్మానాల్లో కప్పిన శాలువాలు బీరువా నిండా ఉన్నాయి. వాటిలో ఒకటన్నా అసలుది ఉంటుందా?

చాలావరకు అక్రిలిక్, పాలియెస్టర్ మీద జరీ అంచు వేసినవే. అసలుది ఉంటే చేతికే తెలుస్తుంది. అరచేతిలో పెట్టుకుని గుప్పిట మూస్తే నిమిషంలో వెచ్చబడుతుంది, బరువే ఉండదు. మిగతావాటిని పడేయకండి. కారు సీట్ల మీదికి, రైలు బెర్తుల మీదికి బాగా పనికొస్తాయి.

ఎండాకాలానికని కొంటే ఎలాంటిది చూడాలి?

బరువు చూడండి. చలిదేశాల స్వెట్టర్ 300 గ్రాములు దాటుతుంది. మన వేసవికి పెద్దవాళ్ల సైజులో 200 గ్రాముల లోపు ఉన్నది, లేదా చిన్న స్టోల్ చాలు. ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పట్టుకుంటే అల్లిక లోంచి వెలుతురు సన్నగా కనిపించాలి. ఒంటిపోగు అల్లిక ఇంకా పలచగా ఉంటుంది కానీ తొందరగా సాగి చిల్లులు పడుతుంది. సన్నటి రెండు పోగులు కలిపి అల్లినది మన్నుతుంది. సిల్కో, కాటనో కలిసిన క్యాష్మీర్ ఇంకా హాయిగా ఉంటుంది. మెడ దగ్గర పట్టేసే కాలర్ వద్దు, ముందు గుండీలున్న కార్డిగాన్ మంచిది. వేడి అనిపిస్తే జుట్టు చెదరకుండా తీసేయొచ్చు.

## ఒంటి మీద వేసుకునేటప్పుడు

42 డిగ్రీల్లో ఊలు బట్ట ఏందక్కా? ఎవరన్నా వేసుకుంటారా?

మధ్యాహ్నం బయట వేసుకోకండి. ఇందులో రెండో మాట లేదు. మే నెలలో కర్నూలు ఎండకు ఎంత పలచటి క్యాష్మీర్ అయినా ఒంటికి బరువే. ఊలు వేసవిలో చల్లగా ఉంచుతుందని అమ్మేవాళ్లు చెప్పేది సగం నిజం. ఊలు పోగు తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకుని కూడా తడిగా అనిపించదు. అందుకే కొద్దిగా చెమట పట్టినా పాలియెస్టర్‌లా ఒంటికి అతుక్కోదు. కానీ పోగుల మధ్య గాలి నిలిచిపోతుంది, ఒంటి వేడిని ఆ గాలే బయటికి పోనివ్వదు. పోగు సన్నగా ఉన్నంత మాత్రాన చల్లగా ఉంటుందనుకోవద్దు. అల్లిక ఎంత పలచగా ఉందన్నదే లెక్క.

అయితే మన సీమ వేసవి అంటే మధ్యాహ్నం ఒక్కటే కాదు. రాత్రి బెంగళూరు బస్సు ఎక్కితే నడినెత్తి మీద ఏసీ కొడుతుంది. కల్యాణ మండపంలో రెండు టన్నుల ఏసీలు నాలుగు పెట్టి, పెళ్లికూతురి నాయనమ్మను సరిగ్గా దాని కిందే కూర్చోబెడతారు. తిరుమలలో సుప్రభాత సేవకు తెల్లవారుజామున నిలబడినప్పుడు, 1,265 మీటర్ల ఎత్తున్న హార్స్‌లీ హిల్స్‌లో రాత్రి బయట కూర్చున్నప్పుడు ఒక పలచటి స్టోల్ చేతికి అందితే ప్రాణానికి హాయి. ఇక అనంతపురంవాళ్లకు ఆషాఢ గాలి ఉండనే ఉంది. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. జూన్, జులై సాయంత్రాలు మిద్దె మీద పడుకునే పెద్దవాళ్లకు ఆ గాలి చెవుల్లో, మెడలో దూరుతుంది. నన్నడిగితే వేసవిలో క్యాష్మీర్ బట్ట ఒంటి మీద కంటే చేతి సంచిలో ఉండాలి, అవసరమైన ఆ రెండు గంటలకు బయటికి తీయాలి.

గొర్రెల కాపర్లు నడి ఎండలో కంబళి కప్పుకుంటారు కదా. మరి స్వెట్టర్‌కు ఏమొచ్చింది?

మంచి ప్రశ్న. దక్కనీ గొర్రెల నల్ల ఊలుతో కురుబలు నేసే కంబళి ఒంటికి అంటుకోదు. తల మీది నుంచి గుడారంలా వేలాడుతుంది. సూర్యుడి వేడి పైనే ఆగిపోతుంది, లోపల గాలి ఆడుతుంది. చింతగింజల గంజి పట్టిస్తారు కాబట్టి వాన కూడా తొందరగా లోపలికి దిగదు. స్వెట్టర్ ఒంటిని పట్టి ఉంటుంది, గాలి ఆడే సందు ఉండదు. ఊలు ఒకటే అయినా కట్టే తీరు వేరు. ఎండలో తప్పనిసరిగా కప్పుకోవాల్సి వస్తే స్టోల్‌ను వదులుగా భుజాల మీద వేసుకోండి, చుట్టుకోకండి.

మే నెలలో కేదార్‌నాథ్ పోతున్నాం. ఇంట్లో ఉన్న క్యాష్మీర్ స్వెట్టర్లు సరిపోతాయా?

ఏటా ఎక్కువమంది అడిగేది ఇదే. ఇక్కడ 40 డిగ్రీల్లో బయలుదేరి, ఢిల్లీలో ఇంకా మండే ఎండ దాటి, 3,583 మీటర్ల ఎత్తుకు చేరతారు. అక్కడ మే నెలలోనూ మంచు పడే రోజులుంటాయి. రాత్రి చలి సున్నా డిగ్రీల దాకా వెళ్తుంది. ఇలాంటి ప్రయాణానికి క్యాష్మీర్ చాలా మంచి తోడు. బరువు తక్కువ, మడిస్తే చీర మడతంత కూడా ఉండదు, వెచ్చదనం మాత్రం గట్టిది.

కానీ అదొక్కటే చాలదు. క్యాష్మీర్ గాలిని ఆపదు, వానను అసలు ఆపదు. పైన గాలి, వాన చొరబడని జాకెట్ ఉండాలి. లోపల వేసుకునే దాని సంగతి ఇంకా ముఖ్యం. ఇక్కడ అలవాటుగా కాటన్ బనియన్ వేసుకుంటాం. కొండ ఎక్కేటప్పుడు అది చెమటకు తడిసి, ఆగగానే మంచుగడ్డలా ఒంటికి అంటుకుంటుంది. తొందరగా ఆరే థర్మల్ గానీ, పలచటి ఊలు బనియన్ గానీ వేసుకుని, దాని మీద క్యాష్మీర్, దాని మీద జాకెట్. గుర్రం మీద, డోలీలో వెళ్లేవాళ్లు కదలరు కాబట్టి వాళ్లకు చలి ఎక్కువ పడుతుంది, ఇంకో పొర ఇవ్వండి. ఖరీదైన శాలువాను మాత్రం నడక దారిలో బయటికి తీయకండి. గుర్రాల బురద పడితే అది మళ్లీ మామూలు కాదు. గదిలో కప్పుకోవడానికి ఉంచుకోండి.

ఆఫీసులో ఏసీకి రోజూ వేసుకుంటే చెమటకాయలు వస్తున్నాయి.

బైక్ మీద వచ్చి, చెమట ఆరకముందే వేసుకుంటున్నారేమో చూడండి. పది నిమిషాలు ఫ్యాన్ కింద కూర్చుని ఆ తర్వాత వేసుకోండి. లోపల కాటన్ చొక్కా ఉంటే ఊలు చర్మానికి తగలదు, చెమట ఉప్పు కూడా ఊలుకు పట్టదు. అప్పటికీ దురద తగ్గకపోతే ఆ బట్టలో ముతక గొర్రె ఊలు కలిసి ఉండొచ్చు.

పట్టుచీర మీద పష్మీనా వేసుకుంటే పోగులు లేచిపోతున్నాయి.

పోగు లాగేది చీర జరీ, గాజుల కొక్కెం, నల్లపూసల దండ. పిన్నీసు అసలు గుచ్చకండి. ఆ చిల్లు రోజురోజుకూ పెద్దదవుతుంది. జరీ అంచు భుజం మీద మడిచి లోపలికి తిప్పి, దాని మీద స్టోల్ వేసుకుంటే చాలావరకు తగ్గుతుంది. లేచిన పోగును కత్తిరించొద్దు, మొద్దు సూదితో లోపలి వైపుకు లాగేయండి.

పసిబిడ్డకు ఏసీ గదిలో కప్పొచ్చా?

పలచటి కాటన్ దుప్పటి చాలు. పసిపిల్లలకు వేడి ఎక్కువైనా చెప్పలేరు, ఊలు కింద ఒళ్లు కాగిపోతుంది. ఏసీ 26 దగ్గర పెట్టుకుంటే ఈ అవసరమే రాదు.

మా నాయనమ్మ మడికి ధావళి కట్టేది. ఈ శాలువా దానికి పనికొస్తుందా?

ఊలు, పట్టు మడికి పనికొస్తాయన్నది పాత ఆచారమే. అక్రిలిక్ కలవని బట్ట అయితే వేసుకునే ఇళ్లు ఉన్నాయి. మీ ఇంటి పెద్దల మాటే ప్రమాణం.

## ఉతికేటప్పుడు

ఇంట్లో ఉతకొచ్చా, డ్రైక్లీనింగ్‌కే ఇవ్వాలా?

స్వెట్టర్లు ఇంట్లోనే ఉతకొచ్చు, సరిగ్గా ఉతికితే ఇంకా మెత్తబడతాయి. చేతినేత పష్మీనా, ఎంబ్రాయిడరీ ఉన్నవి మాత్రం డ్రైక్లీనింగ్‌కు ఇవ్వండి.

మన ఊళ్లలో ఒక పెద్ద ప్రమాదం ఉంది, ఏ లేబుల్ మీదా అది రాయరు. ట్యాంకు నీళ్లు. షాపు పెట్టిన కొత్తలో ఒకామె తన కూతురు పంపిన బూడిదరంగు స్వెట్టర్ తెచ్చింది. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. కొళాయి తిప్పి బకెట్ నింపి ముంచాను. మిద్దె మీది నల్ల ట్యాంకులో నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగి ఉన్నాయని ముంచాక గానీ చూసుకోలేదు. కంగారుగా తీసి చల్లటి కుండ నీళ్లలో వేశాను, అదే పెద్ద తప్పు. వేడి నుంచి చల్లదనానికి ఒక్కసారిగా మారేసరికి, నా చేతుల రాపిడి కూడా తోడై, ఊలు పోగుల మీది పొలుసులు ఒకదాన్నొకటి పట్టేసుకున్నాయి. ఆ స్వెట్టర్ పదేళ్ల పిల్లకు కూడా పట్టనంత అయింది. ఆమె ఏమీ అనకుండా దాన్ని మడిచి తీసుకెళ్లింది. ఆ మొహం ఇప్పటికీ గుర్తుంది.

అందుకే ఎండాకాలంలో తెల్లవారి ఆరు గంటల లోపే ఉతకండి. ముందు రోజు రాత్రే బకెట్‌లో నీళ్లు పట్టి గదిలో పెట్టుకుంటే ఇంకా మంచిది. ఉతకడానికీ జాడించడానికీ ఒకేసారి పట్టి పెట్టిన నీళ్లే వాడండి, నీళ్ల వేడి తేడా రాదు. నలపకండి, రుద్దకండి, బండకేసి కొట్టకండి. ఐదు నిమిషాలు ముంచి, అరచేతులతో మెల్లగా నొక్కుతూ వదిలేస్తే చాలు.

కుంకుడుకాయ రసం మంచిదా, డిటర్జెంట్ మంచిదా?

మామూలు బట్టల పౌడర్ వద్దు. చాలా పౌడర్లలో మరకలు పోవడానికి ఎంజైములు కలుపుతారు. అవి మాంసకృత్తులను కరిగిస్తాయి, ఊలు కూడా మాంసకృత్తే. బ్లీచింగ్ అయితే ఊలును తినేస్తుంది. కుంకుడుకాయ రసం ముదురు రంగులకు చాలా బాగుంటుంది. తెలుపు, లేత గోధుమరంగు బట్టలకు దాని పసుపు ఛాయ అంటుకుంటుంది కాబట్టి వాటికి బేబీ షాంపూ ఒక చెంచా వాడండి.

మాది బోరు నీళ్లు, సబ్బు నురగే రాదు. ఏం చెయ్యాలి?

ఆ నీళ్లలోని సున్నం సబ్బుతో కలిసి తెల్లటి జిగురులా పోగుకు పట్టుకుంటుంది. బట్ట బిరుసెక్కుతుంది. ఉతకడానికి బోరు నీళ్లే వాడినా సబ్బుకు బదులు షాంపూ వాడండి. ఆఖరి జాడింపుకు మాత్రం తాగే నీళ్ల క్యాన్ ఒకటి కేటాయించండి, 20 లీటర్లలో రెండు స్వెట్టర్లు అయిపోతాయి. ఆ నీళ్లలో ఒక చెంచా తెల్ల వెనిగర్ కలిపితే మెత్తదనం తిరిగి వస్తుంది.

దండెం మీద ఆరేస్తే సాగిపోయింది.

తడి ఊలు తన బరువుకు తానే సాగుతుంది. పిండకుండా, మందపాటి తువ్వాలులో చాపలా చుట్టి నొక్కండి. తర్వాత నీడలో నులక మంచం మీద పలచటి గుడ్డ వేసి, దాని మీద స్వెట్టర్‌ను దాని ఆకారంలో పరిచి వదిలేయండి. కిందా పైనా గాలి ఆడుతుంది. మన ఎండాకాలపు పొడిగాలికి సాయంత్రానికల్లా ఆరిపోతుంది. నేరుగా ఎండలో వేస్తే రంగు వెలిసి పోగు పెళుసవుతుంది.

## దాచేటప్పుడు

కలరా ఉండలు వేసి బీరువాలో పెడితే చాలు కదా?

చాలదు. ఉతకకుండా పెడితే ఎన్ని ఉండలు వేసినా పురుగు వస్తుంది. ఊలును తినేది ఎగిరే చిమ్మెట కాదు, అది పెట్టిన గుడ్ల నుంచి వచ్చే పురుగు. ఒక్కో చిమ్మెట 40, 50 గుడ్లు పెడుతుంది, మన వేడికి వారం పది రోజుల్లో అవి పగులుతాయి. చెమట, తలనూనె, అన్నం మరక ఉన్నచోటే ముందు కొరుకుతుంది. చంకలో, మెడ దగ్గర చిల్లులు ఎక్కువ పడేది అందుకే.

ఉతికి, పూర్తిగా ఆరాక, పాత కాటన్ దిండు గలీబులో పెట్టి మూతి గట్టిగా కట్టండి. లోపల ఎండిన వేపాకు చిన్న మూటలో వేయొచ్చు, కానీ వేపాకు ఉంది కదా అని నిశ్చింతగా ఉండొద్దు. నెలకొకసారి తీసి దులిపి, మడత మార్చి పెట్టండి. కదలని చీకటి అంటే ఆ పురుగుకు ఇష్టం. కలరా ఉండలు వాడేవాళ్లు వాటిని గుడ్డలో కట్టి బట్టకు తగలకుండా పెట్టాలి. పసిపిల్లలు ఉన్న ఇంట్లో అసలు వద్దు. జీ6పీడీ (రక్తకణాలను కాపాడే ఒక ఎంజైము) లోపం పుట్టుకతో ఉన్న బిడ్డలకు ఆ వాసన పట్టిన బట్ట రక్తాన్ని దెబ్బతీస్తుంది.

హ్యాంగర్‌కు తగిలిస్తే మడతలు పడవు కదా?

భుజాల దగ్గర కొమ్ముల్లా సాగుతుంది. మడిచే పెట్టండి. పడమటి గోడకు ఆనించిన బీరువాలో పై అర వేడెక్కిపోతుంది, కింది అర వాడండి.

## పాడైనప్పుడు

చిన్న చిల్లు పడింది. ఎప్పుడు తేవాలి?

వెంటనే. కందిగింజంత ఉన్నప్పుడు అయితే అదే బట్ట లోపలి కుట్టు దగ్గర నుంచి పోగు తీసి, ఎక్కడ పడిందో మీకే కనిపించకుండా రఫ్ఫు చేయొచ్చు. స్వెట్టర్‌తో పాటు చిన్న కవర్‌లో అదే రంగు దారం ఇస్తారు, దాన్ని పడేయకండి. పురుగు చిల్లు అయితే తెచ్చే ముందు ప్లాస్టిక్ కవర్‌లో గాలి పోకుండా మూసి మూడు నాలుగు రోజులు డీప్ ఫ్రిజ్‌లో పెట్టండి. లోపల మిగిలిన గుడ్లు చస్తాయి.

చంకల కింద ఉండలు కట్టింది. నకిలీ అంటగట్టారా?

కాదు. రాపిడికి పొట్టి పోగులు బయటికి వచ్చి ఉండలు కడతాయి, అసలు క్యాష్మీర్‌లోనూ కొత్తలో ఉంటుంది. పరిచి పెట్టి, సన్న పళ్ల దువ్వెనతో ఒకే వైపుకు మెల్లగా దువ్వండి. చేత్తో పీకితే పక్క పోగు కూడా వస్తుంది. నాలుగైదు ఉతుకుల తర్వాత తగ్గుతుంది. అప్పటికీ ఆగకుండా వస్తూనే ఉంటే అది పొట్టి పోగుల చవక సరుకు.

శాలువా మెడ దగ్గర కొబ్బరినూనె మరక పోవడం లేదు.

మరక మీద కార్న్‌ఫ్లోర్ గానీ, వాసన లేని టాల్కం పౌడర్ గానీ మందంగా చల్లి రాత్రంతా వదిలేయండి. పొద్దున మెత్తటి బ్రష్‌తో దులిపితే నూనె చాలావరకు పొడిలోకి వచ్చేస్తుంది. వేడి ఇస్త్రీ పెట్టారంటే మాత్రం మరక పోగులోకి దిగిపోతుంది, తర్వాత మా చేతుల్లోనూ ఏమీ ఉండదు.

ఉతికితే కుంచించుకుపోయింది. మళ్లీ సాగుతుందా?

కొద్దిగా అయితే సాగుతుంది. గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల హెయిర్ కండిషనర్ కలిపి అరగంట నానబెట్టి, తువ్వాలులో నొక్కి, పరిచి, అన్ని వైపులా కొంచెం కొంచెం లాగుతూ ఆరనివ్వండి. బట్ట మందమై, అల్లిక కళ్లు కనబడకుండా నమ్దాలా (ఊలును నొక్కి చేసే తివాచీలా) అయిపోయి ఉంటే ఇక సాగదు. అలాంటిదాన్ని మీరు కత్తిరించినా పోగు ఊడదు. పిల్లలకు టోపీలు, చెవుల పట్టీలు కుట్టించుకోండి.